టీ గ్లాసు లెక్క

హోసూరు, 2003 ఆగస్టు 12, మంగళవారం

ఫిజిక్స్ సార్ ఇవాళ నా హోంవర్కు క్లాసంతటికీ చదివి వినిపించాడు. "ఈమె లెక్క ప్రకారం పొయ్యి మీద నుంచి దించిన టీ, గది కంటే ఒక్క డిగ్రీయే వేడంట!" అందరూ నవ్వారు. మిగతా వరుసలన్నీ తప్పు లేకుండా ఉన్నాయి కాబట్టి, టీ చల్లారే ఆ డిఫరెన్షియల్ ఈక్వేషన్ ఎవరో చేసిపెట్టారని ఆయన అనుమానం. రేపు బోర్డు మీద చేసి చూపించాలి. లేకపోతే ఇంటర్నల్ మార్కులు సున్నా.

చేసింది నేనే! పక్క పోర్షన్ సుధాకరన్న ఒకసారి చూశాడు, అంతే. గుంటూరు నుంచి ఫ్యాక్టరీ పనికి వచ్చిన మనిషి, తెలుగు మీడియంలో చదివాడు. ఆదివారం నోట్సు తిరిగిస్తూ, "అంతా బాగుంది, స్థిరాంకం ఒక్కటి చూసుకో" అన్నాడు. స్థిరంగా రాయమంటున్నాడనుకుని తలూపాను. మొత్తం గుండ్రటి అక్షరాలతో మళ్లీ రాశాను.

సాయంత్రం సిగ్గు చంపుకుని అడిగాను. "అన్నా, స్థిరాంకమంటే ఏమి?"

అతను నా వైపు వింతగా చూసి, పెన్సిల్‌తో చివరి వరుస పక్కన C అని రాశాడు.

"కాన్‌స్టంటా! ఆ మాట ఆ పొద్దే చెప్పకూడదా అన్నా?"

"తెలుగమ్మాయివేగా, తెలుసనుకున్నాను."

తమిళనాడులో పుట్టి పెరిగిన నేను బళ్లో చదివిందంతా తమిళం, ఆపైన ఇంగ్లిషు; తెలుగు ఇంట్లో నేర్చుకున్నదే. అతనికేం తెలుసు?

C పెట్టి నాలుగుసార్లు చేశాను. నాలుగుసార్లూ టీ సరిగ్గానే చల్లారింది. కానీ అది ఎందుకు వదిలేశావని రేపు సార్ అడిగితే? తెలుగు రాక, అని చెప్పాలా?

వంటింట్లోంచి అమ్మ అరుస్తోంది. "అన్నం తినేకి రావే, ఎన్నిసార్లు పిలిచేది!"

ఆ తెలుగైతే బాగానే అర్థమవుతోంది.