పన్నూ, వేరుశనక్కాయలూ, బాజియే పెద్దాయనా

అక్టోబరు 3, శుక్రవారం

పన్ను పోయింది! కింద ఎడమవైపు దవడ పన్ను, రెండు వేర్లతో సహా. పళ్ళ డాక్టరమ్మ దాన్ని రేకు పళ్ళెంలో టంగుమని పడేసి, "ఏం తింటావయ్యా నువ్వు?" అంది. నా నోటినిండా దూది. నా తరఫున మా ఆవిడ మెమూనాతా చెప్పింది: "వేరుశనక్కాయలు. ఇంకేం తింటాడు?"

డాక్టరమ్మ చెప్పింది ఇదీ: పన్ను ఊడిన గుంటలో నెత్తురు గడ్డకడుతుంది. ఆ గడ్డే మందు. అది ఊడి వచ్చిందంటే లోపల ఎముక బయటపడుతుంది. అప్పుడు పుట్టే నొప్పి ముందు ఇన్నాళ్ళ పంటి నొప్పి ఏ మూలకీ రాదట. అందుకని వారం రోజులు జాగ్రత్త.

ఇంటికొచ్చి నియమాలు రాసుకున్నాను.

1. వేడివి వద్దు. చల్లారిన సజ్జ జావ మాత్రమే.
2. ఉమ్మడం, పుక్కిలించడం వద్దు.
3. వేరుశనక్కాయలు వద్దు. పచ్చివి, ఉడికించినవి, వేయించినవి, నూరినవి, పక్కవాడు తింటున్నవి.
4. మాటలు వద్దు.

"ఎక్కువ మాట్లాడకు" అని మాత్రమే అంది డాక్టరమ్మ. ఎక్కువంటే ఎంతో నాకు ఈ నలభై ఆరేళ్ళలో తెలిసి రాలేదు. అందుకని అసలు మాట్లాడకూడదని నిర్ణయించుకున్నాను. వారం పాటు. నమాజుకు మినహాయింపు.

మెమూనాతా చదివింది. నవ్వలేదు. పక్కింటావిడను పిలిచి చూపించింది. అప్పుడు ఇద్దరూ నవ్వారు.

అక్టోబరు 4, శనివారం

అద్భుతంగా ఉంది! నొప్పి తక్కువ. వాపు లేదు. రాత్రి హాయిగా నిద్ర.

కొట్టు తెరిచాను. మౌనం వల్ల వ్యాపారానికి ఇంత మేలని తెలిస్తే పన్ను ఎప్పుడో పీకించుకునేవాణ్ణి. పెళ్ళి గౌను కుట్టించుకోవడానికి ఒకావిడ వచ్చి కూలి ఎంతో అడిగింది. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఆవిడే ఒక రేటు చెప్పింది. నేను పలకలేదు. ఆవిడే పెంచింది. నేను కళ్ళు మూసుకున్నాను (సలుపు వల్ల). ఇంకాస్త పెంచింది.

మధ్యాహ్నం పక్క కొట్టు బాజియే వచ్చాడు. వాడు మాంసం సీకులు కాలుస్తాడు. వాడు గురున్సీ, నేను బిస్సా. తాతముత్తాతల నాటి నుంచి మా రెండు జాతులకూ వేళాకోళపు వరస. వాళ్ళు మమ్మల్ని వేరుశనక్కాయల దొంగలంటారు, మేం వాళ్ళను కుక్క తలకాయ తినేవాళ్ళంటాం. ఎంత మాటన్నా కోపం తెచ్చుకోకూడదు. జవాబు చెప్పకపోవడం మాత్రం తప్పు.

"ఒరేయ్ వేరుశనక్కాయ్! నోరు మూశావంటగా? ఊళ్ళో ఎలకలు పండగ చేసుకుంటున్నాయిరా, ఇక గింజలన్నీ మావేనని!"

నేను సూదిలో దారం ఎక్కించాను.

"ఏరా, మాట్లాడవే? మూడు రోజులు కూడా ఉండలేవు నువ్వు. ఉంటే నా పొయ్యి నీకు రాసిస్తా!"

పొద్దున వాడి మేక అరిచిందా మొరిగిందా అని అడగాలి నేను. పదిహేనేళ్ళుగా రోజూ అడుగుతున్నాను. ఇవాళ అడగలేదు. వాడు కాసేపు ఆగి, దిక్కులు చూసి, వెళ్ళిపోయాడు. నెగ్గాను!

అక్టోబరు 5, ఆదివారం

ఇవాళ చర్చి నుంచి వస్తూ బాజియే వాళ్ళ నాన్న మా కొట్టుకి వచ్చాడు. తొంభైకి దగ్గరపడ్డ మనిషి. కర్ర పొడుచుకుంటూ వచ్చి నా బల్ల మీద కూర్చున్నాడు. ఈ తెంకొడోగో ఊరు మొత్తం మీద నన్ను తిట్టడంలో ఆయన్ని మించినవాడు లేడు. బాజియే ఆయన కాలిగోటికి కూడా సరిపోడు.

"బిస్సావాడు నోరు మూసుకున్నాడంటే నమ్మబుద్ధి కాక చూసిపోదామని వచ్చా. ఇన్నేళ్ళు బతికినందుకు ఇదొకటి చూశా."

తల వంచి దణ్ణం పెట్టాను.

"ఒరేయ్ ఈసాకా. నువ్వు పోయాక నిన్ను వేరుశనగ చేలో పాతమని మావాడికి చెప్పి ఉంచా. వేరే సమాధి దండగ. కాపు వచ్చేసరికి నువ్వే లేచి కూర్చుని ఒలుచుకుంటావు. ఏవంటావ్?"

దవడ చూపించాను.

"నొప్పి సంగతి కాదురా అడిగింది. ఏవంటావ్?"

నా దగ్గర బ్రహ్మాండమైన జవాబుంది. నాలుక చివరనే ఉంది. చాక్‌పీసుతో గుడ్డ మీద రాద్దామనుకున్నాను గానీ పెద్దాయనకు చదువు రాదు. ఆయన చాలాసేపు నా మొహం వంక చూస్తూ కూర్చున్నాడు. నేను గుంటలోని గడ్డను తలుచుకుని బిగబట్టాను.

"సరేలే. వారం అయ్యాకే చెప్పు. నేనెక్కడికీ పోను."

లేస్తూ లేస్తూ జేబులోంచి ఉడికించిన వేరుశనక్కాయలు గుప్పెడు తీసి బల్ల మీద పెట్టిపోయాడు. ముట్టుకోలేదు! మిషను సొరుగులో దాచాను.

జవాబు మరిచిపోకుండా ఇక్కడ రాసుకుంటున్నాను: "పెద్దాయనా, నీ సమాధికి మాత్రం ఊళ్ళో కుక్కలన్నీ వస్తాయి. ఏడవడానికి కాదు, నువ్వు నిజంగా పోయావో లేదో చూసుకోవడానికి."

శుక్రవారం చెప్తాను.

అక్టోబరు 6, సోమవారం

కోతల కాలంలో పన్ను పీకించుకోవడం తెలివితక్కువ పని. బజారు మొత్తం తాజా కాయలే. కుండల్లోంచి ఆవిరి. ఇంటికెళ్ళే దారి మార్చాను. ఆ దారిలో ఇంకా ఎక్కువ.

రాత్రి భోజనంలో సంకటి, వేరుశనగ పులుసు. ఇంట్లో మిగతావాళ్ళ కోసం వండిందట. బాగా ఆలోచించాను. నూరాక అది కాయ కాదు, పులుసు. కాబట్టి మూడో నియమానికి భంగం లేదు (నూరినవి అని రాసింది తొందరలో). కొంచెం వెచ్చగా ఉంది, అంతే. రెండు గిన్నెలు.

"ఇంకా కావాలా?" అంది మెమూనాతా.

"ఊఁ" అన్నాను. ఊఁ మాట కాదు, ముక్కుతో వచ్చేది.

సొరుగులో కాయలు ఎన్నున్నాయో చూద్దామని కొట్టుకి వెళ్ళాను. నాలుగు తగ్గాయి. ఎలకలు అయ్యుండాలి. కుడివైపు పళ్ళతో నమిలే ఎలకలు.

దవడ కొద్దిగా వాచింది. పెద్దాయన ఇవాళ రాలేదు.

అక్టోబరు 7, మంగళవారం

పొద్దున్నే బాజియే వచ్చాడు. పొయ్యి ముట్టించలేదు. తిట్టనూ లేదు. తెల్ల గుడ్డ కావాలన్నాడు. పెద్దాయన నిద్రలోనే పోయాడట.

కొలిచి చించి ఇచ్చాను. పెద్దాయన నోరు తెరుచుకోకుండా దవడకు కట్టడానికి సన్నటి పేలిక ఒకటి విడిగా చించి మడిచి ఇచ్చాను. మాట్లాడలేదు. నియమం కోసం కాదు.

"వారం అయ్యాకే చెప్పు" అన్నాడు. మూడో రోజుకే వెళ్ళిపోయాడు. ఆయన నన్ను అన్న ఆఖరి మాటకి జవాబు లేదు. నా పంటి గుంట కోసం ఆయన్ని ఖాళీ చేతులతో పంపించాను. ఒక్క మాట చెప్తే ఏమయ్యేది? నెత్తురు వచ్చేది, ఉమ్మేసేవాణ్ణి.

సాయంత్రానికి వాపు పెరిగింది. అదే తాను నుంచి మిగిలిన తెల్ల గుడ్డలో ఐసు నీళ్ళ ప్యాకెట్టు పెట్టి, గడ్డం కిందనుంచి నడినెత్తి మీదికి ముడి వేసుకున్నాను.

అక్టోబరు 8, బుధవారం

ఇది వివరంగా రాయాలి.

బాజియే ఇంటి ముందు పందిరి కింద ఊరంతా ఉంది. ఆడవాళ్ళు ఏడుస్తున్నారు. నేను లోపలికి అడుగుపెట్టాను. ఏడుపులు ఆగాయి. ఒక్కొక్కరే నన్ను చూశారు, తర్వాత పెట్టెలో పెద్దాయన్ని చూశారు. ఆయన దవడకీ తెల్ల గుడ్డే, నా దవడకీ తెల్ల గుడ్డే. ముడి కూడా ఒకేలా ఉంది. అయినా నేను కట్టింది నాది మాత్రమే.

"అయ్యో, ముసలాయన వేషం కట్టాడే!" అంది ఆ ఇంటి పెద్ద కోడలు. అంతే, పందిరంతా ఘొల్లున నవ్వింది. మా వేళాకోళపు వరసవాళ్ళు చావింట్లో చచ్చినవాళ్ళ వేషం కట్టడం మామూలే. నేను కట్టిన వేషం కాదది, వాపు. చెప్పడానికి నోరు లేదు. సరే, ఇదీ మంచిదే, మాట్లాడకుండానే నా వంతు అయిపోయిందని బెంచీ మీద కూర్చున్నాను.

బాజియే మాత్రం నవ్వలేదు. నిన్నటి నుంచి ఏడవనూ లేదట, మంచినీళ్ళు కూడా తాగలేదట. కొయ్యలా కూర్చున్నాడు. కాసేపటికి లేచి నా దగ్గరికి వచ్చాడు.

"ఈసాకా గారూ, మీ దవడ బాగోలేదు. మీరు శ్రమపడకండి. వచ్చారు, అదే చాలు."

పదిహేనేళ్ళలో వాడు నన్ను గారు అనలేదు. మీరు అనలేదు. నేను ఏదో దూరపు ఊరి పెద్దమనిషిని అయినట్టు చెయ్యి కలిపి వెళ్ళిపోయాడు. భయం వేసింది నాకు. ఒక ఆదివారం నేను జవాబు చెప్పనందుకు తండ్రీ కొడుకులిద్దరూ ఒకేసారి పోయినట్టనిపించింది.

పెట్టె లేపారు. నేను వెళ్ళి గుమ్మం ముందు దారికి అడ్డంగా పడుకున్నాను. అది వేళాకోళపు వరసవాళ్ళుగా మా హక్కు. ఏదో ఒకటి ముట్టజెప్పి లేపితే గానీ లేవం. పైన పెట్టె ఆగింది. రాసిపెట్టుకున్న కుక్కల జవాబు చెబుదామని నోరు తెరిచాను. తీరా అది రాలేదు. వచ్చింది వేరే.

"ఎక్కడికీ పోనన్నావు కదరా ముసలోడా! వారం ఆగుతానన్నావు! మూడు రోజులకే పారిపోతావా? చచ్చేటప్పుడు కూడా అబద్ధమేనా, గురున్సీ దొంగా! లే! లేచి నా జవాబు విని పో!"

అరుస్తుంటే గుంటలో ఏదో ఊడింది. తెలుస్తూనే ఉంది. ఆపలేదు. అప్పుడు కుక్కల జవాబూ గుర్తొచ్చింది. అదీ చెప్పాను, ఊరంతా వినేలా. సీకుల వాసనకు అలవాటుపడ్డ కుక్కలు రెండు నిజంగానే పందిరి కింద కూర్చుని ఉన్నాయి. మోసేవాళ్ళకు నవ్వాగక పెట్టె కాస్త ఊగింది.

బాజియే గొంతులోంచి ఒక చప్పుడు వచ్చింది. నవ్వే. సగం దాకా నవ్వి, అక్కడే ఏడుపులోకి తిరిగాడు. నేల మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఎవరూ ఆపలేదు, అదే కావాలి వాడికి. తర్వాత ముక్కు తుడుచుకుని, జేబులో చెయ్యి పెట్టి గుప్పెడు వేరుశనక్కాయలు నా ఛాతీ మీద పోశాడు.

"ఇదిగో నీ మేత. తిని చావు. మా నాన్నకి దారివ్వరా, దొంగ వెధవా!"

ప్రాణం లేచొచ్చింది. పడుకునే తిన్నాను. అన్నీ తిన్నాను. రెండువైపులా నమిలాను. నోట్లో ఉప్పగా ఉంది, నెత్తురో కన్నీళ్ళో తెలియలేదు. లేచి దారిచ్చాను.

అక్టోబరు 9, గురువారం

నొప్పి. డాక్టరమ్మ ముందే చెప్పిన నొప్పి. ఇంకేం రాయలేను.

సాయంత్రం. డాక్టరమ్మ గుంట కడిగింది. పటకారుతో ఒక వేరుశనగ పొట్టు తీసి వెలుతురులో పట్టుకుని చూసింది.

"ఇదేంటయ్యా?"

"చావుకెళ్ళాను" అన్నాను.

ఆవిడది కూడా ఈ ఊరే. ఇంకేం అడగలేదు. లవంగ నూనె వాసన వేసే మందేదో గుంటలో కూరి, "మళ్ళీ మొదటినుంచీ" అంది.

అక్టోబరు 10, శుక్రవారం

మొదటి రోజు! నొప్పి బాగా తగ్గింది. నియమాలు మళ్ళీ రాసుకున్నాను.

1. వేడివి వద్దు.
2. ఉమ్మడం, పుక్కిలించడం వద్దు.
3. వేరుశనక్కాయలు వద్దు. పులుసు కూడా వేరుశనక్కాయే.
4. బాజియే ఇంటివాళ్ళు ఏమన్నా జవాబు అప్పటికప్పుడే చెప్పాలి. వాయిదా లేదు.

పొద్దున బాజియే పొయ్యి ముట్టించాడు. ముట్టించి, మా కొట్టుకి వచ్చి, నా బల్ల మీద వాళ్ళ నాన్న కూర్చునే చోట కూర్చున్నాడు.

"ఒరేయ్ వేరుశనక్కాయ్. పొట్టుతో సహా మింగావంటగా? డాక్టరమ్మ గుంటలో చేను వేసిందటగా? కోతకి ఎప్పుడు రమ్మంటావ్?"

"నీ మేక మొరగడం ఆపాక రా" అన్నాను.

నెత్తురు రాలేదు.