గుండెక్కే బూట్లు

నవంబరు 8
గంగ ఈరోజు మళ్లీ ఊరి వెనక పెద్ద రాతిగుండు ఎక్కింది. వట్టి కాళ్లతో. నేను కింద ఖాళీ బిందె పట్టుకొని నిలబడ్డాను. నీళ్ల సంగతే మరిచిపోయాను… ఆ బండ మీద పట్టు దొరికే చోటు నాకు ఒక్కటీ కనబడదు. ఆమెకు కాలివేలి మొన ఆనేంత ఉంటే చాలు. మడమ రాతికి తగలదు. తొందర లేదు. బల్లి కూడా అంత నెమ్మదిగా పోదు.
పైనుంచి అరుపు — "వదినా, కండ్లు మూసుకుంటాండావా? చూడు!"
చూశాను. రెండేళ్ల కింద ఆడబిడ్డంటే భయపడుతూ ఈ ఇంటికి వచ్చినదాన్ని.

నవంబరు 9
కాలేజీలో సార్ గంగకు చెప్పాడట. 26న బళ్లారిలో రాళ్లెక్కే ఆటకు ఎంపిక. గోడ ఎక్కించి చూస్తారు. గెలిచినవాళ్లను బెంగళూరు శిక్షణకు పంపుతారు. వట్టి కాళ్లు ఒప్పుకోరు, ఎక్కే బూట్లు ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి. కొత్తవాటి ధర విని అత్త బియ్యం ఏరడం ఆపేసింది.
మా ఆయన మాత్రం — "నేను తెస్తాలే పాపా. కొండెక్కే బూట్లే గదా."

నవంబరు 11
తెచ్చారు. ఎంత సంబరంగా తెచ్చారో! డబ్బా విప్పితే — ముందు ఇనుప తొడుగు, చీలమండ దాకా తోలు, ఒక్కోటి ఇటుకంత బరువు. గనిలో వేసుకునేవి.
ఆయన తప్పు కాదు. ఇక్కడ "కొండకు పోతాండా" అంటే గని పనికి పోతున్నట్టే. సండూరు గనుల నుంచి లారీలో ఎర్రమన్ను తోలే మనిషికి కొండంటే ఇంకేం గుర్తొస్తుంది? అంగడివాడూ అదే అనుకున్నాడు.
గంగ నవ్వు ఆపుకోలేక కూర్చుండిపోయింది. "ఇవి తొడుక్కుంటే గుండెక్కేది లేదన్నా, పగలగొట్టేదే!"
ఆయన ముఖం చిన్నబోయింది. కాసేపటికి ఆయనా నవ్వారు.

నవంబరు 12
హంపిలో రాళ్లెక్కే తెల్లవాళ్లు పోయేటప్పుడు పాత బూట్లు అమ్మి పోతారట. "వదినా, నువ్వు వస్తావా?" — నేనా!

నవంబరు 15
మా ఊరు మోక నుంచి బళ్లారి, హొసపేట, హంపి… మూడు బస్సులు. బోర్డులన్నీ కన్నడం. నాకు వచ్చింది ఆదోనిలో ఏడో తరగతి తెలుగే. గంగ చున్నీ కొస పట్టుకొని నడిచాను.
అక్కడి అంగడిలో ఆమె కాలికి సరిపోయేవి రెండే జతలు. ధర ఒకటే, మాకు అందేదే. ఒకటి ఆకుపచ్చ, నిన్న కొన్నట్టుంది. ఇంకోటి బూడిద రంగు, తోలు గీరుకుపోయి, లేసు తెగి…
గంగ చెయ్యి పచ్చవాటి మీదికి పోయింది. నేను ఊరికే వాటి అడుగు నొక్కి చూశాను. గోరు దిగలేదు. వంచితే సన్నటి బీటలు. పోయినేడు మా కుక్కరు గ్యాస్కెట్టు ఇట్లాగే — చూపుకు కొత్తది, లోపల రబ్బరు ఎండిపోయి ఆవిరంతా పోయేది. బూడిదవి నొక్కితే మెత్తగా దిగింది, మళ్లీ లేచింది. వేలికి పట్టుకుంది.
చున్నీ లాగాను. "గంగా… ఇది సచ్చిన రబ్బరు."
"ఎట్ల తెలిసె నీకు?"
"కుక్కరు గ్యాస్కెట్టు…"
ఆ మాట అంగడాయనకూ అర్థమైంది. "అక్క హేళిద్దు సరి," అన్నాడు. నేను చెప్పిందే సరి అని! మగమనిషి, ముక్కూ ముఖం తెలియనివాడు.
ఇంకోమాట అన్నాడు — "బిగి ఇర్బేకు." బిగువుగా ఉండాలట. లోపల వేళ్లు ముడుచుకోవాలట. గంగ పళ్లు కొరుక్కుంటూ లేచి నిలబడింది. కళ్లలో నీళ్లు, ముఖం నిండా నవ్వు.

నవంబరు 16
అత్త — "వేలంత ఖాళీ ఉంచి కొంటారు ఎవురైనా. దుడ్డిచ్చి సంకెళ్లు తెచ్చుకున్నారు గదే! బాగా కుదిరినారు జోడు."
జోడు. తిట్టే, కానీ బాగుంది.

నవంబరు 20
మొదటి మూడు రోజులు జారింది. నేను అన్నం సరిగా తినలేదు. ఈరోజు — పెద్ద గుండు పడమటి వైపు. వట్టి కాళ్లతో ఎప్పుడూ ఎక్కలేకపోయిన వైపు. గోడకు పూసిన సున్నం లాగా అంత నున్నగా ఉంటుంది. ఆ బూటు మొన ఒక గీత మీద పెట్టింది, ఒళ్లంతా దాని మీదే మోపింది, లేచింది. అంతే. మనిషి లేచిందా, రాయి లేపిందా…
దిగి వచ్చాక వేళ్లు చూపించింది. బొబ్బలు. నూనె రాశాను.

నవంబరు 25
కుడి బూటు కొస రబ్బరు లేచింది. రేపే ఎంపిక. పచ్చవి తీసుకొని ఉంటే ఊడేవి కావేమో… ఏరింది నేను. ఇద్దరం లారీ పంక్చరు షాపుకు పోయాం. షాపతను గీకి, సొల్యూషన్ పూసి, బిగించి ఇచ్చాడు. "పదహారు టన్నుల లోడుకే నిలబడతాది తల్లీ, ఈ పాపకు నిలబడదా? రేపటి సాయంత్రం దాకా తొడగద్దు."
రేపు పొద్దున్నే గోడ ఎక్కాలని ఎవరం చెప్పలేదు.
తిరిగి వస్తూ అన్నాను, "నా మాట వినకుండా ఉంటే బాగుండు."
"నువ్వు చెప్పినావని తీసుకోలేదు వదినా. నువ్వు చెప్పింది నిజమని తీసుకుంటి."

నవంబరు 26
ఏడింటి బస్సుకు పోయింది. బూట్లు చేతిలోనే. నేను కూడా పోవాల్సింది, ధైర్యం చాల్లేదు.
పదకొండు. పప్పు మాడింది.
అత్త గడపలో కూర్చుంది. చేతిలో పని లేదు. ఇప్పటికి మూడోసారి — "ఏమే, ఎక్కింటాదా?"
"ఎక్కుతాంటాది అత్తా."
"ఆ రబ్బరు?"
ఎంపిక అయిపోగానే ఎదురంగడి కాయిన్ బాక్సుకు ఫోన్ చేస్తానంది గంగ.
ఇప్పుడు మోగుతోంది. అంగడివాడు ఎత్తాడు. ఇటు తిరగలేదు ఇంకా. అత్త లేచి నిలబడింది.