గాజు పెంకు

బొబ్బిలి,
14-9-1968

తమ్ముడు జగన్నాధానికి,

నువ్వు నౌపడ నుంచి తెచ్చి నాకిచ్చిన రంగుల ఆకుల మొక్క గుర్తుందా? నువ్వు అక్కడే ఉండి, మేస్త్రీకి కబురు పెట్టి నీ వాటాలో గోడ లేపించాక నా కిటికీలోకి వెలుతురు రావడం లేదు. మొక్క పాలిపోయి, సన్నగా సాగిపోయింది. ఆకుకీ ఆకుకీ మధ్య బెత్తెడు ఎడం. అయినా నీ గోడవైపే వంగింది.

పక్కింటి గున్నమ్మ చూసి, "ఎండ సాల్నేదు. కొనలు తుంచి నాటీసి, ఎలుతురున్న కాడ ఎట్టు" అంది. కొనలు తుంచి నాటాను. వెలుతురు ఎక్కణ్ణుంచి తేను?

ఇల్లు పంచుకున్ననాడు పెరడంతా నీకే వదిలేశాను. "అప్పా, నీ కిటికీ ఎదర ఒక్క ఇటిక కూడా ఎట్టను" అన్నావు. కాగితం రాయించుకోమన్న నరసింగరావు బావ మీద, నా తమ్ముడి దగ్గర కాగితమేమిటని నేనే మండిపడ్డాను.

గోడ తీయమని అడగడానికి రాయడం లేదు. కిందటి నెల కప్పులో ఒక పెంకు తీయించి గాజు పెంకు వేయించాను. వెలుతురు పైనుంచి పడుతోంది. కొత్త చిగుళ్లు నిటారుగా లేస్తున్నాయి.

ఆ కిటికీతో ఇక పని లేదు. నిన్న మేకులు కొట్టించేశాను.

ఇట్లు,
అప్ప