ఆవిరిగదిలో మందుల షాపాయన

సెప్టెంబర్ 4, మంగళవారం

ఈరోజు కూడా ఆ తలుపు దాకా వెళ్ళి వెనక్కి వచ్చేశాను. బోర్డు లేదు, నంబరు ఒక్కటే. పక్కన చెప్పులు బాగుచేసే షాపు. అందులో మనిషి బయటికొచ్చి ఏం కావాలన్నాడు. ఏం చెప్పాలో తోచక బూటు లేసులు కొన్నాను. నా బూట్లకి లేసులే ఉండవు.

సెప్టెంబర్ 5, బుధవారం

రాసుకుంటే భయం తగ్గుతుందేమో చూద్దాం.

యాభైమూడేళ్ళొచ్చాయి. నాకు మగవాళ్ళే ఇష్టమని పదిహేనో ఏటే తెలుసు. ఇప్పుడు మా దేశంలో ఇద్దరు మగవాళ్ళు దర్జాగా పెళ్ళి చేసుకోవచ్చు. నేను మాత్రం మగవాళ్ళు మగవాళ్ళని కలుసుకునే ఆవిరిస్నానాల సౌనా గుమ్మం కూడా దాటలేదు.

మోంతెవిదేయో నగరంలో ఒక పేటకి మందుల షాపువాడిగా ఉండటమంటే మాటలు కాదు. ఎవరికి షుగరుందో, ఎవరికి నిద్ర పట్టదో, ఎవరు పెళ్ళానికి తెలియకుండా బట్టతలకి మందు రాస్తున్నారో అన్నీ నాకు తెలుసు. వాళ్ళెవరైనా నన్ను టవల్‌లో చూస్తే? క్యాష్ దగ్గర కూర్చునేది మా అక్క నెల్లీ. బావ పోయాక ఇద్దరం షాపు మీది పోర్షన్‌లోనే ఉంటున్నాం. అక్క చెవిన ఒక మాట పడితే సాయంత్రానికి పేటంతా తెలిసిపోతుంది.

శనివారం మధ్యాహ్నం షాపు మూసేస్తాం. ఈ శనివారం వెళ్ళాల్సిందే.

సెప్టెంబర్ 8, శనివారం, సాయంత్రం 7

వెళ్ళాను!

రిసెప్షన్‌లో చెవిపోగు పెట్టుకున్న ఒక భారీ మనిషి ఊలు స్వెటర్ అల్లుతున్నాడు. పేరు ఎల్బియో. మొదటిసారా అని అడిగాడు. ఛ, ఎన్నిసార్లు రాలేదూ అన్నట్టు మొహం పెట్టి, టవల్ తీసుకుని, ధీమాగా నడిచి తలుపు తీశాను. "అది చీపుళ్ళ గది బాబూ. లాకర్లు ఎడమవైపు," అన్నాడు తల ఎత్తకుండానే.

ఆ టవల్ నా పొట్ట చుట్టూ తిరగలేదు. ఒక చేత్తో పట్టుకునే నడిచాను.

ఆవిరిగదిలోకి వెళ్ళగానే కళ్ళద్దాలు తెల్లబడిపోయాయి. తీసేశాను. అప్పుడింకా అన్యాయం. చేత్తో తడుముకుంటూ బల్ల దొరికిందని కూర్చున్నాను. అది బల్ల కాదు, ఒకాయన మోకాలు. "కూర్చోండి, ఫర్వాలేదు. పక్కన చోటు కూడా ఉందనుకోండి," అంది ఒక లోతైన గొంతు. ఆ గొంతు నా వీపులోంచి వినిపించినట్టయింది. సారీ, సారీ అంటూ లేచాను.

అంతే, ఎదురుగా ఆవిరిలోంచి ఇంకో గొంతు: "ఎవరూ, మన ఫార్మసీ హెబెర్ గారేనా?"

పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ మాట్లాడింది ఒల్మెదో గారు. కస్టమ్స్‌లో చేసి రిటైరయ్యాడు, ప్రతి నెలా బీపీ మాత్రలకి వస్తాడు. పారిపోదామంటే తలుపెటో కనబడదు. ఈలోపు ఆయన, "దేవుడు పంపినట్టొచ్చారండీ. బీపీ మాత్ర వేసుకున్నవాడు ఇందులో ఎంతసేపు కూర్చోవచ్చు?" అని అడిగాడు.

ఎప్పటినుంచీ కూర్చున్నారంటే అరగంటయిందట. నా భయం సంగతే మర్చిపోయాను. "ముందు బయటికి నడవండి! నీళ్ళు తాగండి!" అని షాపులో అరిచినట్టే అరిచాను. పాపం, బుద్ధిగా వెళ్ళిపోయాడు. వెంటనే మూల నుంచి మరొకాయన, మోకాలి నొప్పట. ఇంకొకడికి కాలివేళ్ళ మధ్య దురదట. ముందు ఇక్కడ ఉత్తకాళ్ళతో తిరగడం మానెయ్ నాయనా అన్నాను. గదంతా గొల్లుమంది. అందరికంటే గట్టిగా ఆ లోతైన గొంతే నవ్వింది.

తర్వాత బార్ దగ్గర నిమ్మరసం తాగుతుంటే ఆ గొంతు నా పక్కకొచ్చి కూర్చుంది. కళ్ళద్దాలు తుడుచుకుని చూశాను. నెరిసిన గడ్డం, నాకంటే పెద్ద పొట్ట, దాన్ని దాచుకోవాలన్న ఆలోచనే లేని మనిషి. పేరు దార్దో. లిఫ్టులు రిపేరు చేస్తాడు. కార్నివాల్ పాటల బృందంలో వెనక వరసలో పాడతాడు. "మీరు సరదాకొచ్చారా, డ్యూటీ మీదొచ్చారా?" అని అడిగాడు. సరదాకే అన్నాను. ఆ మాట నా నోటివెంట రావడం నాకే వింతగా ఉంది.

చాలాసేపు మాట్లాడుకున్నాం. మెట్ల దగ్గర ముద్దు పెట్టుకున్నాడు. అప్పటినుంచీ నువ్వు, నువ్వు అనుకున్నాం. ఆ మెట్ల పైన గదులున్నాయి. ఇక అక్కడి సంగతి రాయను. బాగుంది. చాలా బాగుంది.

అక్కతో ఈతకి వెళ్ళొచ్చానని చెప్పాను. ఇన్నాళ్ళకి ఒంటి మీద శ్రద్ధ కలిగిందని మురిసిపోయి ఇంకో ముక్క మాంసం వడ్డించింది.

సెప్టెంబర్ 9, ఆదివారం

గడ్డం గీసుకుంటూ పాడానట. అక్క చెప్పింది.

సెప్టెంబర్ 13, గురువారం

దార్దో షాపుకొచ్చాడు. పని బట్టల్లోనే ఉన్నాడు, చేతికి గ్రీజు. జనం బాగా ఉన్నారు. నన్ను చూసి మొహమంతా నవ్వయి, "ఏం హెబెర్, ఎలా ఉన్నావు?" అన్నాడు.

నీకు తెలుసా ఈయన అని అక్క అడిగింది.

తెలియదన్నాను. అంతటితో ఆగానా? "ఏం కావాలి సార్?" అని కూడా అన్నాను.

ఆ నవ్వు అలాగే కాసేపు నిలబడి, మెల్లగా సర్దుకుంది. గొంతు మాత్రలు అడిగాడు. తీసుకున్నాడు. "థాంక్సండీ," అన్నాడు. ముసలి ఎల్విరా గారు లోపలికొస్తుంటే ఆవిడకి తలుపు పట్టుకుని, వెళ్ళిపోయాడు.

ఆ "అండీ" రోజంతా చెవిలో గుచ్చుతూనే ఉంది.

సెప్టెంబర్ 15, శనివారం, సాయంత్రం 5

మళ్ళీ వెళ్ళాను. దార్దో లేడు. శనివారాలు ఇక రిహార్సల్సేనట, పార్కు పక్క క్లబ్బులో. తలుపులు తీసే పాడతారు, ఎవరైనా వెళ్ళి వినొచ్చని ఎల్బియో చెప్పాడు. టవల్ మాత్రం ఇవ్వలేదు. "ఆ మొహం వేసుకుని లోపల కూర్చుంటే నా ఆవిరి చల్లారిపోతుంది. ఫో," అన్నాడు.

అదే రోజు, రాత్రి 8

అక్కకి చెప్పేశాను. ఊపిరి తీసుకోకుండా మొత్తం ఒకేసారి: ఈత కాదు, మగవాళ్ళ సౌనా, నాకు ఆడవాళ్ళు వద్దు, ఎప్పుడూ వద్దు, ఒక మనిషి ఉన్నాడు, అతణ్ణి చేజేతులా పోగొట్టుకున్నాను.

అక్క నోరు తెరుచుకుని చూసింది. ఆమెకి నిజంగానే తెలియదు. "మరి ఎదురింటి ఓల్గా? ప్రతి ఆదివారం దాన్ని భోజనానికి పిలిచి నీ పక్కన కూర్చోబెడుతున్నానే! నీ కోసం జుట్టుకి రంగేయించుకుంది కదరా!" అని తన గదిలోకి వెళ్ళి ధడేల్మని తలుపేసుకుంది.

చాలాసేపటికి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నన్నిక్కడ ఒక్కదాన్నే వదిలేసి పోతావా అని అడిగింది. ఎక్కడికీ పోనన్నాను. ఇద్దరం ఏడ్చాం, అదేదో పక్కింట్లో ఎవరో పోయినట్టు. తర్వాత మాతే ఆకుల టీ కలిపింది. ఒకే గొట్టంతో చెరికాస్త పీలుస్తుంటే ఉన్నట్టుండి, "ఆ గొంతు మాత్రల మనిషేనా?" అంది.

అవునన్నాను.

"ఎల్విరాకి తలుపు పట్టుకున్నాడు. అలాంటివాణ్ణి పట్టుకుని సార్ అంటావా? సిగ్గు లేదూ నీకు?"

సెప్టెంబర్ 22, శనివారం

అక్క వస్తానంది. వద్దంటే వినలేదు. లిప్‌స్టిక్ కూడా వేసుకుంది.

క్లబ్బులో డప్పులు, తాళాలు, ఒక గుంపు మగవాళ్ళు గొంతు చించుకుని పాడుతున్నారు. వెనక వరసలో దార్దో. నన్ను చూశాడు. పాట ఆపలేదు. విరామం ఇవ్వగానే ముందుకెళ్ళాను. నా స్నేహితుడు అని పరిచయం చేద్దామనుకున్నాను. నోటికొచ్చింది వేరు: "అక్కా, ఇతను దార్దో. సౌనాలో కలిశాం."

గట్టిగానే అన్నట్టున్నాను. క్లబ్బంతా నావైపు తిరిగింది.

డప్పు వాయించేవాడు అడిగాడు: "కొర్దోన్ పేటలో సౌనాయేనా? షవర్లో వేడినీళ్ళొస్తున్నాయా ఇప్పుడైనా?"

అందరూ పడిపడి నవ్వారు. అక్క కూడా. దార్దో ఒక్కడే నవ్వలేదు. నా దగ్గరికొచ్చి నిలబడ్డాడు. మీ మాత్రలు పనిచేయలేదు సార్ అన్నాడు. తప్పయిందన్నాను. అందరి ముందూ చెయ్యి చాపాను. అతను ఆ చేతిని చూశాడు, మా అక్కని చూశాడు, మళ్ళీ నన్ను చూశాడు.

"చల్లగా ఉంది నీ చెయ్యి," అన్నాడు, పట్టుకుని.

నీ.

సెప్టెంబర్ 30, ఆదివారం

పొద్దుటినుంచీ వాన. వాన పడితే తోర్తాలు, అదే మా పిండి రొట్టెలు, నూనెలో వేయించాలి కదా. దార్దో పిండి మరీ గట్టిగా పిసికాడని అక్క, మంట ఎక్కువైందని దార్దో, వంటింట్లో ఒకటే గొడవ. రుచి చూడమని నన్ను మళ్ళీ పిలుస్తున్నారు. చేతులకి నూనె, పెన్ను జారుతోం—