మనవరాలి బుగ్గల మీద తనాకా

లక్ష్మీ,

నువ్వు పోయాక ఇంత సంతోషం ఎరగను, ఇంత కోపమూ ఎరగను. ఇవాళ మన మనవరాలిని మల్కాపురం బడిలో వేశాం. రంగూన్‌లో మీ అమ్మ నీకు చేసినట్టే, తనాకా చెక్క సాన మీద అరగదీసి, ఆ పచ్చటి గంధం పిల్ల బుగ్గలకు నేనే రాశాను.

పంతులమ్మ గుమ్మంలోనే ఆపేసింది. "ఏటే ఆ వేషం? కుళాయి కాడికెళ్లి మొకం కడుక్కొని రా!"

బర్మా నుంచి కట్టుబట్టలతో ఓడ దిగిన ఏడాది, ఈ బడిలోనే మన అబ్బాయికీ ఇదే మాట చెప్పి, ఈడ్చుకెళ్లి కడిగించారు. నా ఒళ్లు మండిపోయింది. నేను నోరు తెరిచేలోపే కోడలు ముందుకెళ్లింది. ఇక్కడి జాలరి ఇంటి పిల్ల, దాని గొంతు నీకు తెలుసుగా.

"ఏటండీ టీచరుగారూ, మీ బొట్టు సెరిపేయమంటే సెరిపేత్తారేటి? ఇది మా అత్త నేర్పిన పద్ధతి. నా కూతురు మొకం కడుక్కోదు."

పంతులమ్మ పక్కకు తప్పుకుంది. పిల్ల దర్జాగా వెళ్లి ముందు బల్ల మీద కూర్చుంది. తాత రాశాడని ఇది చెప్పగానే, పక్కనున్న పిల్ల దాని బుగ్గ తాకి, వేలు వాసన చూసుకుని, "రేపు నాకూ ఎట్టమనే మీ తాతని" అంది.

ఆనందంతో ఏడ్చేశాను లక్ష్మీ! కానీ కోపం చల్లారలేదే. అబ్బాయికి మొహం కడిగించిన ఆ రోజు కుళాయి చుట్టూ అంతమంది నిలబడి నవ్వారు. ఒక్కరంటే ఒక్కరు అడ్డుపడి ఉంటే, మన అబ్బాయి రెండో తరగతిలోనే బడి మానేసేవాడా?