మెట్లెక్కని రాజుగాడు

మల్లన్నా,

నువ్వు పోయి ఏడాదైంది. నీ కుక్క రాజుగాడు మగ్గాల షెడ్డు పైనున్న మన గదికి రావడం మానేశాడు. పొద్దున్నే లేవలేక మోకాలు నాక్కుంటున్నాడు. నీ మీద బెంగేమోనని, ఆటపట్టిద్దామని పైనుంచి నీలాగే ఈల వేశాను. తోక ఊపుకుంటూ రెండు మెట్లెక్కి కూలబడ్డాడు.

ఈ సూరత్‌లోనే మన తెలుగు పశువుల డాక్టరమ్మ దొరికింది. కాలు వంచి చూసి, "కీళ్లవాతం. బరువు తగ్గాలె, మెత్తటి పక్క వెయ్యి, మెట్లు ఎక్కనియ్యకు" అంది.

"మగ్గం సాంచాల కాడ మేం మింగే నొప్పుల గోలీ సగం ఇయ్యనా మేడం?"

"ఏంది, సంపుతవా దాన్ని? నేనిచ్చిన మందే వెయ్యి."

నీ దుప్పటి మెట్ల కింద పరిచాను. అందులో పడుకుని పైకే చూస్తున్నాడు. ఏం చెయ్యాలో తోచట్లేదన్నా. ఈల వేస్తే నొప్పితోనే లేస్తాడు. మానేస్తే నువ్విక రావని తెలిసిపోతుంది, వాడికో నాకో.