పన్నెండో క్లిక్కు

సెప్టెంబర్ 7, ఆదివారం, సాయంత్రం 5

ఈ రోజు కూడా సలాడే. ఏడాదిగా ప్రతి ఆదివారం అత్తగారింట్లో నిప్పుల మీద మాంసం కాల్చేది నా బావమరిది ఒస్వాల్దో, టమాటాలు కోసేది నేను. పట్టకారు పట్టుకుని నిప్పు దగ్గర నిలబడినవాడికి భోజనాల వేళ అందరూ చప్పట్లు కొడతారు. టమాటాలకు చప్పట్లు కొట్టే కుటుంబం ఈ కోర్దోబా కొండల్లో ఇంకా పుట్టలేదు.

కారణం: కిందటేడు ఘాట్ రోడ్డు కార్ల పోటీలో వాడు నాకంటే మూడు సెకన్లు ముందు పైకెక్కాడు. పందెం ప్రకారం పట్టకారు ఏడాదిపాటు వాడిది. నడిపేవాడి గొప్పేముంది, కారును పోటీకి తగ్గట్టు సర్దినవాళ్లదే గెలుపు అని నేను అందరి ముందూ అన్నాను. వాడు నవ్వి, "అలాగే బావా, వచ్చే పందెం అదే. సర్దినవాళ్లకే పట్టకారు" అన్నాడు.

అక్టోబర్ 5న మళ్లీ పోటీ. నిర్ణయం: కొత్త షాక్ అబ్జార్బర్లు. వాటిని పద్ధతిగా, శాస్త్రీయంగా సర్దడం. ఈ నోట్‌బుక్ కొన్నది అందుకే.

సెప్టెంబర్ 9, మంగళవారం

మెకానిక్ దోన్ ఎలీసియో షెడ్డుకు వెళ్లాను. ముప్పై ఏళ్లుగా పోటీ కార్ల కింద పడుకున్న మనిషి. బల్ల మీద మూడు రకాలు పెట్టాడు.

మామూలు నూనెవి. తాతయ్యల కోసం.
గ్యాస్‌వి. మంచివే, కానీ సర్దడానికేమీ లేదు.
ఎర్రటివి. ఒక్కోదాని నెత్తిన ఒక మర. తిప్పితే మెత్తదనం నుంచి గట్టిదనం దాకా ఇరవై నాలుగు క్లిక్కులు.

పెద్దాయన రెండోవి నా వైపు తోశాడు. "నీకు మర లేనిదే మంచిది. నీ చేతుల సంగతి నాకు తెలుసు" అన్నాడు.

ఎర్రటివి తీసుకున్నాను. నా చేతుల సంగతి ఈయనకు ఇంకా తెలియదు.

సెప్టెంబర్ 13, శనివారం

బిగించారు! నాలుగింటినీ పన్నెండు దగ్గర పెట్టాడు. ఇలాగే వదిలేయమని రెండుసార్లు చెప్పాడు. పాపం, పాతకాలం మనిషి.

నియమం: రోజుకు ఒక్క మార్పు. ఒక్క క్లిక్కు. వెంటనే ఇక్కడ రాయాలి. రాయకుండా మర ముట్టుకుంటే నేను మనిషినే కాదు.

సెప్టెంబర్ 14, ఆదివారం

ముందువి 13. మలుపులో తేడా స్పష్టంగా తెలిసింది! పక్కన కూర్చున్న నా భార్య మిర్తాకు తెలియలేదట. ఆమె బడిపిల్లలకు లెక్కలు చెబుతుంది. కార్ల విషయంలో సున్నితత్వం ఎక్కడిది.

సెప్టెంబర్ 15, సోమవారం

ఒక్క క్లిక్కంటే నిజానికి ఏమీ తెలియదు. నిన్న తెలిసింది బహుశా గాలి. మూడు చిన్న క్లిక్కులు కలిపితే ఒక పెద్ద క్లిక్కు. ముందువి 16. నియమం చెక్కుచెదరలేదు.

సెప్టెంబర్ 18, గురువారం

ముందువి మారితే వెనకవి నొచ్చుకుంటాయి. కాబట్టి అవీ మార్చాను. ఇది రెండో మార్పు కాదు, మొదటిదాని కొనసాగింపు. నోట్‌బుక్ లోపలుంది కాబట్టి అంకె అరచేతి మీద రాసుకున్నాను.

తర్వాత గిన్నెలు కడిగాను.

సెప్టెంబర్ 22, సోమవారం

వారమంతా ఈ కారు మిర్తాదే, బడికీ, వాళ్లమ్మను డాక్టరు దగ్గరికీ. ఈ రోజు క్లినిక్ ముందు స్పీడ్ బ్రేకర్ మీద అత్తగారి పళ్ల సెట్టు ఒళ్లో పడింది. మిర్తా చేతిలోని సొరబుర్రలో ఉన్న వేడి మాతే టీ మొత్తం ఆమె మోకాళ్ల మీద.

"ఈ దేశంలో మాతే తాగడానికి పనికిరాని కారు ఇదొక్కటే" అంది మిర్తా. ఆ గొంతులో కోపం లేదు. భయమేసింది.

దోన్ ఎలీసియోకు ఫోన్ చేశాను. మెత్తబడాలంటే నాలుగూ పద్దెనిమిదికి తెచ్చుకోమన్నాడు. వింతగా అనిపించింది, అయినా పెద్దాయన మాట కాబట్టి తెచ్చాను.

సెప్టెంబర్ 24, బుధవారం

అత్తగారు మా కారెక్కనంటున్నారు. బస్సులో వెళ్తారట.

విషయం తెలిసింది. పెద్దాయన గట్టి చివర నుంచి లెక్కపెడతాడు. నేను మెత్తటి చివర నుంచి. మెత్తగా చేస్తున్నాననుకుని ఇంకా బిగించాను. అంటే ఈ నోట్‌బుక్‌లో ఉన్న అంకెలన్నీ ఎవరికీ అర్థంకాని అంకెలు. ఒక పేజీ చింపాను.

ఒకందుకు మంచిదే. గట్టిగా ఉంటేనే పోటీ కారు. అలాగే ఉంచుతాను.

సెప్టెంబర్ 28, ఆదివారం

ఘాట్ మీద సాధన. కిందటేటికంటే నాలుగు సెకన్లు ఆలస్యం. కారణాలు: ఎదురుగాలి, ఉదయం తిన్న తీపి రొట్టెలు, ఒక గొర్రె.

గతుకుల మీద టైర్లు రోడ్డును వదిలేస్తున్నాయని, గాలి పట్టు ఇవ్వదని దోన్ ఎలీసియో అన్నాడు. ఇంకో రెండు క్లిక్కులు బిగించాను. ఎవరికీ చెప్పలేదు. నీకు మాత్రమే చెబుతున్నాను, నోట్‌బుక్.

మధ్యాహ్నం సలాడ్. ఉల్లిపాయలు కూడా నావే అయ్యాయి. ఇంకో ఏడాది ఇలాగే అంటే నిజంగా భరించలేను. ఉల్లిపాయల వల్లే కాదు.

అక్టోబర్ 4, శనివారం

ఉదయం 9: ఇక మరలు ముట్టుకోను. ఒట్టు.
10: ముందు ఎడమ.
11: ముందు కుడి, ఎడమవైపుది ఒంటరిగా ఉంటే బాగుండదని.
12: నోట్‌బుక్ కారు బానెట్ మీదే వదిలేసి స్నానానికి వెళ్తున్నాను. చేతులకు దూరంగా ఉండటమే మేలు.

అక్టోబర్ 5, ఆదివారం, మధ్యాహ్నం 1

గెలిచాను! సెకనులో పదింట ఎనిమిది వంతుల తేడాతో!

కారు రోడ్డును అంటిపెట్టుకుని ఎక్కింది. పొద్దున కొండకు వెళ్లేటప్పుడు అత్తగారు కూడా నోరెత్తలేదు, అలవాటుపడిపోయారు. మిర్తా దారంతా మాతే తాగింది, చుక్క ఒలకలేదు, చేయి తిరిగింది. నెల రోజుల నా శ్రమ. ఒస్వాల్దో ముఖం చూడాల్సింది. పట్టకారు నా చేతికిచ్చాడు.

అదే రోజు, సాయంత్రం 6

చప్పట్లు మొదలయ్యాయి. నేను లేచి, మర తిప్పడమంటే ఏమిటో నాలుగు మాటలు చెప్పాను. పద్ధతి అన్నాను. శాస్త్రం అన్నాను. మిర్తా నోట్‌బుక్ తెచ్చి బల్ల మీద పెట్టింది. చివరి అట్ట పక్కన, నేను తెరవని పేజీ. ఆమె గుండ్రటి చేతిరాత:

"అక్టోబర్ 4, 12:20. నాలుగూ పన్నెండు. మిర్తా."

"నువ్వు స్నానంలో ఉన్నప్పుడు పెద్దాయనకు ఫోన్ చేశాను" అంది. "అమ్మ కారెక్కాలి కదా. ఏ చివర నుంచి లెక్కపెట్టినా తప్పు పోని అంకె అదొక్కటేనట. అందుకే నీకు మొదట అదే పెట్టాడట."

నోట్‌బుక్ మొత్తంలో ఎవరికైనా అర్థమయ్యే ఒకే ఒక్క అంకె. అది కూడా నాది కాదు.

ఒస్వాల్దో గొంతు సవరించుకున్నాడు. "సర్దినవాళ్లకే పట్టకారు. నీ మాటే బావా."

మిర్తా చేయి చాచింది. ఇచ్చేశాను. అత్తగారు అందరికంటే ముందు చప్పట్లు కొట్టారు, పళ్ల సెట్టు చక్కగా ఉంది. ఒస్వాల్దోకూ నాకూ చెరో కత్తి దొరికింది. వాడు టమాటాలు మరీ లావుగా కోస్తాడు. చూపించాను.

అక్టోబర్ 6, సోమవారం

కొత్త నోట్‌బుక్. కొత్త నియమం: వచ్చే అక్టోబర్ దాకా మరలు ముట్టుకోను. పన్నెండు అంటే పన్నెండే.

ఉదయం 7:10. బానెట్ ఎత్తాను. ఆయిల్ చూడటానికి.
7:15. పన్నెండులోనే ఉందో లేదో తెలియాలంటే లెక్కపెట్టాలి. లెక్కపెట్టాలంటే తిప్పాలి.
7:20. ముందువి 13. ఒక్క క్లిక్కే. రాశాను.
7:25. బయట ఏం చేస్తున్నావని మిర్తా లోపలి నుంచి అడిగింది. టమాటాలు కొనడానికి బయల్దేరుతున్నానన్నాను.